కరక్కాయ, గేదెపాలు, చింతబొగ్గు

శ్రీకాళహస్తిలో మా చిన్నప్పటి వీధిలో ఎండలు మొదలయ్యాయంటే చాలా ఇళ్ల దండేల మీద లేత పసుపు రంగు తిరిగిన కోరాగుడ్డలు ఆరుతుండేవి. దగ్గరికి వెళితే పచ్చిపాల వాసన, దాని వెనుకే కరక్కాయ వగరు వాసన తగిలేవి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు గానీ, ఆ వీధిలోనే పుట్టిన మాకు అది వాసనగా తోచేదే కాదు. అవి కలంకారీకి, అంటే కలంతో బొమ్మలు గీసి ఆకుల, బెరళ్ల రంగులు అద్దే పనికి, సిద్ధం చేసిన గుడ్డలు. మాకు రెండిళ్ల అవతల ఆ పనిచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు కావడం వల్ల నేను ఆయనను పెదనాన్న అని, ఆయన భార్యను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. 1980ల మొదట్లో, నా హైస్కూలు చదువు సాగుతున్న రోజుల్లో, సాయంత్రాలూ వేసవి సెలవులూ ఎక్కువగా ఆ ఇంటి పంచలోనే గడిచాయి. బొమ్మలు వేయడం నేర్చుకుందామని వెళ్లిన నన్ను వాళ్లిద్దరూ చాలాకాలం బొమ్మ జోలికే పోనివ్వలేదు. ఆకులను, బెరళ్లను, పాలను, నీళ్లను, ఎండను చూడమన్నారు. ఆ చూడటం ఎలా సాగిందో రాసుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

మా బడిలో డ్రాయింగు అంటే ఒకటే బొమ్మ. రెండు త్రికోణాల కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, ఆ సూర్యుడి కిందే పుట్టి పూరిగుడిసె పక్కగా పారే ఏరు, ఏటి గట్టున వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు గీతల పక్షులు. తెలుగునాట నా ఈడువాళ్లలో ఈ బొమ్మ వేయనివారు ఉండరనుకుంటాను. దాన్ని తీసుకెళ్లి చూపించినప్పుడు పెదనాన్న నవ్వలేదు, కోప్పడనూ లేదు. “రోజూ కన్నప్ప కొండ చూసుకుంటానే గదమ్మా బడికి పోతావు. అది ఎప్పుడన్నా నీకు ఇట్ల మూడు మూలలుగా కనపడిందా?” అని మాత్రం అడిగారు. మర్నాడు బడికి వెళుతూ నిలబడి చూస్తే ఆ కొండకు మూలలే లేవు. ఒకదాని మీద ఒకటి ఒరిగిన బండలు, వాటి సందుల్లో పొదలు, ఎండ పడినచోట బూడిద రంగు, వాననీళ్లు జారిన చారల వెంట నలుపు కనిపించాయి. కొబ్బరిచెట్టు మా వీధి మొత్తానికి ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ చింత, వేప, తుమ్మ చెట్లే. అప్పటిదాకా నేను వేసిన ఊరు ఎవరిదో నాకే తెలియదు.

ఆ తరువాత వచ్చిన వినాయక చవితికి పెదనాన్న నాకు అసలు పాఠం మొదలుపెట్టారు. పూజకు 21 రకాల పత్రి కావాలి గదా, దాన్ని బజారులో కొనకుండా ఆయనే పొద్దున్నే మా ఊరి స్వర్ణముఖి ఏటి గట్టు వెంట తిరిగి కోసుకొచ్చేవారు. ఆ ఏడు నన్నూ వెంటబెట్టుకు వెళ్లారు. కోసిన ప్రతి కొమ్మనూ ముందు చేతికి ఇచ్చి కళ్లు మూసుకోమనేవారు. రేగాకు అడుగున నూగు తగులుతుంది, వేలు తెలివిగా పోనిస్తే మొదట్లోంచే విడిపోయిన మూడు ఈనెలు తెలుస్తాయి, ఇంకాస్త ముందుకు పోతే ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ముళ్లు కూడా జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా వంగి. జిల్లేడు ఆకుకు కాడ దాదాపు ఉండదు, కాండాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, మీద తెల్లటి పొడి, తుంచితే పాలు. గన్నేరు ఆకులు ఒక్కో కణుపు దగ్గర మూడేసి చొప్పున లేస్తాయి. వావిలి ఆకు పైన ఆకుపచ్చ, తిప్పితే తెలుపు, అందుకే గాలి వీచినప్పుడు ఆ పొద మొత్తం రంగు మారినట్టు కనిపిస్తుంది. రావి ఆకుకు పొడుగాటి కాడ ఉండబట్టే చిన్న గాలికి కూడా ఊగుతుంది, దాని కొన సాగి సాగి తోకలాగా దిగుతుంది. ఉత్తరేణిని ప్రత్యేకంగా చూపించనక్కర లేకపోయింది, దాని గింజలు నా పావడా అంచు నిండా అంటుకుని ఇంటిదాకా వచ్చాయి.

ఇంతా చేస్తే కలంకారీలో వేసే ఆకు వీటిలో దేనిలాగా ఉండదు. అక్కడి చెట్టు ఒక పద్ధతికి లోబడిన చెట్టు, అక్కడి పువ్వు ఏ తోటలోనూ పూయదు. మరి ఈ తిరుగుడంతా ఎందుకని అడిగాను. పెదనాన్న సమాధానం చెప్పకుండా తాను వేస్తున్న గుడ్డను చూపించారు. అందులో అశోకవనం ఉంది. సీత వెనుక చెట్టు ఆకులన్నీ ఒకే తీరున గీసినవే గానీ, కాడ కొమ్మను ఎక్కడ పట్టుకుంటుందో, మోయలేని బరువుకు కొమ్మ ఎక్కడ వంగుతుందో, లేత చిగురు ఎటు తిరుగుతుందో ఎక్కడా తప్పలేదు. పక్కనే శిక్షణలో ఉన్న కుర్రవాడు ఒకరు వేసిన చెట్టు ఉంది. ఆకులు అంతకన్నా నునుపుగా ఉన్నాయి, కానీ అవి కొమ్మకు పుట్టినట్టు కాక తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. ఆ తేడా నాకు ఎవరూ చెప్పకుండానే కనపడింది, అదే మొదటిసారి.

పక్షుల సంగతీ ఇంతే. చిలుక చింతచెట్టు మీద వాలేటప్పుడు ముందు కాళ్లు చాపుతుందా, తోక విప్పుతుందా అని అడిగి నన్ను ఎన్నో సాయంత్రాలు మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ కూర్చోబెట్టారు. హంసను మాత్రం తానూ చూడలేదని, తన గురువూ చూడలేదని ఒప్పుకునేవారు. అందుకని మా ఊరి హంసలన్నిటికీ మెడ ఏటిలో చేపల కోసం నిలబడే కొంగది, నడక బాతుది. ఈ మాట ఆయన చెప్పినప్పటి నుంచి పాత కలంకారీ గుడ్డల మీది హంసలను చూస్తే నాకు ఏటి కొంగలే గుర్తుకొస్తాయి, అందులో తక్కువతనమేమీ కనపడదు.

ఇక పనిముట్లు. మొదటి గీతలు చింతబొగ్గుతో గీస్తారు. ఎండిన సన్నపాటి చింతపుల్లలను పెనుమంటలో కాకుండా, గాలి ఆడకుండా మూసి కాలిస్తే బూడిద కాకుండా మెత్తటి బొగ్గుగా మారతాయి. వేపపుల్ల, తుమ్మపుల్ల ఎందుకు పనికిరావో తెలియాలంటే వాటినీ కాల్చి చూడమన్నారు. ఒకటి విరిగిపోయింది, ఒకటి గుడ్డను గీరింది. తరువాతిది కలం. వెదురుపుల్లను ఒక కొన సన్నగా చెక్కి, ఆ కొనకు కాస్త పైన ఉన్ని గుడ్డను ఉండగా చుట్టి, నూలుదారంతో బిగించి కడతారు. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో దాన్ని నొక్కితే రంగు కొన మీదికి దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందన్నది వేళ్లకు తెలియాలి తప్ప పుస్తకంలో దొరకదు. పనంతా నేల మీదే, గుడ్డ పరుచుకుని పక్కన కూర్చునో, దాని మీదికి వంగో సాగేది. చెరిపే వీలు లేదు. బొగ్గు గీత దులిపితే పోతుంది గానీ కలం గీత గుడ్డ ఉన్నంతకాలం ఉంటుంది.

గుడ్డకు పాలు పట్టించే పని పూర్తిగా పెద్దమ్మది. కరక్కాయలను గింజ తీసి, దంచి, నానబెట్టి, ఆ నీటిలో గేదెపాలు కలిపి, గంజి లేకుండా ఉతికి ఆరేసిన గుడ్డను అందులో ముంచి, అన్ని మూలలకూ సమానంగా అందేటట్టు పిసికి, గట్టిగా పిండి ఎండలో ఆరవేసేది. ఆవుపాలు పనికిరావు, కాచిన పాలూ పనికిరావు, వెన్న తీసినవి అసలే పనికిరావు. “ఎనుంపాలల్లో ఉండే జిడ్డే గదమ్మా గీతను పట్టి నిలబెట్టేది” అనేది. గుడ్డ ఆరాక ఒక మూల కలంతో ఒక్క గీత గీసి చూసేది. అంచులు పదునుగా నిలిస్తే సరే. నూలుపోగుల వెంట రంగు పాకి గీతకు మీసాలు మొలిస్తే ఆనాటి పాలవాడి వంశం మొత్తానికి చీవాట్లు పడేవి. పాలలో నీళ్లు కలిశాయా లేదా అని తేల్చడానికి మా వీధిలో కలంకారీ గుడ్డను మించిన పరీక్ష లేదు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదని, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం నూలుకు పట్టుకుని తరువాత వచ్చే ఇనుమునూ పటికనూ తనలోకి లాక్కుంటుందని నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివేటప్పుడు తెలుసుకున్నాను. పెద్దమ్మకు టానిన్ అన్న మాట తెలియదు. కరక్కాయను నాలుకకు తాకించి, ఈ మూటలోది పనికొస్తుంది, ఈ మూటలోది పాతబడింది అని మాత్రం తప్పకుండా చెప్పేది.

నల్లరంగు కుండ పెరట్లో గోడవారన ఉండేది. తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు పోసి మూతికి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచితే పులిసి, పైన నురుగు కడుతుంది. వాసన భరించరానిది, చీమల దండయాత్ర అదనం. నేను అందులో నల్లటి సిరా ఉంటుందనుకుని తొంగిచూస్తే మురికినీళ్ల వంటి లేతరంగు ద్రవం కనపడింది. పెదనాన్న కలాన్ని అందులో ముంచి, పాలు పట్టించిన గుడ్డ మీద ఒక కన్ను గీశారు. గీస్తున్నప్పుడు గీత కనపడీ కనపడనట్టు ఉంది. ఆయన రెండో కన్ను మొదలుపెట్టేసరికి మొదటిది బూడిద రంగుకు, రెప్ప గీసేసరికి నలుపుకు తిరిగింది. నలుపు కుండలో లేదు, గుడ్డలోనూ లేదు, ఇనుమూ కరక్కాయా కలిసినచోట పుట్టింది. అదే నీళ్లను పాలు పట్టించని కోరాగుడ్డ మీద రాస్తే తుప్పు మరక మిగిలింది. నేను చూసిన వింతల్లో దీన్ని ఇప్పటికీ ముందు వరసలోనే ఉంచుతాను.

ఎరుపు దగ్గరికి వచ్చేసరికి ఇంటిపని ఏటిపని అవుతుంది. ఎర్రగా రావలసిన చోటల్లా ముందు పటికకారం నీళ్లు కలంతో పూయాలి. దానికి రంగు ఉండదు కనుక ఎక్కడ పూశారో తెలియడానికి ఏదో ఒక రంగు చుక్క కలుపుతారు. పూసిన గుడ్డను ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతకాలి. నిలవనీళ్లు ఎందుకు కూడదో నాకు మొదట అర్థం కాలేదు. గుడ్డలో ఇంకకుండా మిగిలిన పటిక నీటిలో కలిసి, అక్కడే తిరుగుతూ, ఖాళీగా ఉండవలసిన చోట మళ్లీ పట్టుకుంటుంది. అప్పుడు తెల్లగా ఉండవలసిన ముఖాలు కూడా ఎర్రబారతాయి. పారే నీరైతే మిగులును ఎత్తుకుపోతుంది. స్వర్ణముఖి ఏడాదంతా పారే ఏరు కాదు. వానల తరువాత కొన్ని నెలలు మోకాటిలోతు నీళ్లు ఇసుక మీద పల్చగా జారుతుండేవి, ఆ నెలల్లో ఊరి కలంకారీ పనివాళ్లందరూ ఏటిలోనే కనిపించేవారు. ఎండాకాలంలో చెలమలు తవ్వుకుని, దోసిళ్లతో, చెంబులతో నీళ్లు ఎత్తిపోసుకుంటూ పని గడుపుకునేవారు. ఏ నెలలో ఏ రంగు పని పెట్టుకోవాలన్నది పంచాంగం కంటే ఏటిని చూసి నిర్ణయించుకునేవారు పెదనాన్న.

ఉతికిన గుడ్డను రాగి గంగాళంలో వేసి, ఎరుపునిచ్చే సురుడుచెక్క (సురుడు అనే తీగ బెరడు), మంజిష్ఠ వేరు వేసి కాచేవారు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డ దించాలి, సన్నని సెగ మీద మెల్లగా వేడెక్కించాలి, కర్రతో ఎడతెరిపి లేకుండా తిప్పుతూ ఉండాలి. తిప్పేవాడి ముఖమంతా చెమట, కళ్ల నిండా పొగ. మొదట గుడ్డ మొత్తం ఒకే తీరుగా మురికి ఎరుపుకు వస్తుంది, అంతా పాడైపోయిందనిపిస్తుంది. కాసేపటికి పటిక పూసిన చోట్లు లోపలి నుంచి ముదురుతూ మిగతా గుడ్డ నుంచి విడిపోతాయి. రాముడి ఉత్తరీయపు అంచు, సీత చీర, కిరీటాల్లోని కెంపులు ఒకటొకటిగా పైకి లేస్తాయి. అప్పటికీ బొమ్మల చుట్టూ ఉన్న గుడ్డ నేల తెల్లగా ఉండదు, గులాబీ మరకగా ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి పేడనీళ్లలో రాత్రంతా నానవేసి, మర్నాడు ఉతికి, ఏటి ఇసుక మీద పరిచి, ఎండకు ఆరుతుంటే మళ్లీ మళ్లీ నీళ్లు చల్లుతూ ఉండాలి. ఆ చల్లడం నా వంతు. గుడ్డ పూర్తిగా ఎండకూడదు, నీళ్లు నిలవకూడదు. పొద్దు వాలేసరికి నేల తెల్లబడేది, ఎరుపు మాత్రం కదిలేది కాదు. పేడ, ఎండ, నీళ్లు కలిసి మరకను ఎందుకు తింటాయో, ఎరుపును ఎందుకు వదిలేస్తాయో నేను ఆయనను అడిగితే, “ఎరుపుకు పటిక కాపలా ఉంది, మరకకు ఎవురున్నారు?” అన్నారు. రసాయనశాస్త్రం దీన్ని ఇంకా పెద్ద మాటల్లో చెబుతుంది గానీ ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

నీళ్ల విషయంలో ఆయన పట్టింపు మరీ ఎక్కువ. ఒకే చెక్క, ఒకే పటిక వాడినా ఒక బావినీటితో కాచిన ఎరుపు నిండుగా, మరో బావినీటితో కాచింది గోధుమరంగుకు తిరిగినట్టు వచ్చేది. ఇనుము ఉన్న నీరు ఎరుపును చంపుతుంది. ఆయన పుక్కిట పట్టి ఉమ్మి చెప్పేవారు, ఇది వద్దు అని. ఒకప్పుడు ఎరుపుకు సురుడుచెక్క కన్నా చిరివేరు అనే చిన్న మొక్క వేరు మేలని, తీరప్రాంతపు ఇసుకనేలల్లో పెరిగిన చిరివేరు ఇచ్చే ఎరుపు ముందు తన ఎరుపు నిలవదని ఆయనే అనేవారు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు చుట్టూ అద్దకపు పని అంతగా ఎదగడానికి ఆ వేరు కూడా ఒక కారణమని, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఆ వస్త్రాల కోసం అక్కడ స్థావరాలు పెట్టుకున్నారని తరువాత చదివాను. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థాన్ని 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మను రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. అదే అలిజరిన్. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. అనే జర్మను రంగుల సంస్థ కృత్రిమ నీలిమందును అమ్మకానికి తెచ్చింది. ఆ రెండు దెబ్బలకు వేరు తవ్వేవాళ్లూ, నీలి పండించేవాళ్లూ, వాళ్ల చేతుల్లోని తెలివీ చాలావరకు చెదిరిపోయాయి. మా వీధిలో కూడా అలిజరిన్ డబ్బా దాచుకోని ఇల్లు అరుదు. పెదనాన్న వాడేవారు కాదు గానీ వాడేవాళ్లను నిందించేవారూ కాదు. పెళ్లిళ్ల ఖర్చులు, బియ్యం ధరలు ఆయనకూ తెలుసు.

పసుపుకు కరకపువ్వు కాచిన నీళ్లు, ఒక్కోసారి దానిమ్మతొక్క. నీలానికి నీలిమందు ముద్దలు కొనుక్కొచ్చేవారు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. స్త్రీల దేహానికి పసుపు, దేవతలకు నీలం, రాక్షసులకు ఎరుపో ఆకుపచ్చో వేస్తారు. ఈ రంగులకు ముందు గుడ్డకు మళ్లీ పాలు పట్టించాలి, ప్రతి రంగుకూ మధ్య మళ్లీ ఉతకాలి. దీని గురించి ఇంతకన్నా రాయను, ఎందుకంటే ఈ దశలో పని ఓపికే తప్ప వింత కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. రంగుల్లో అన్నిటికన్నా ముందు వెళ్లిపోయేది పసుపు అని పెదనాన్న ఎప్పుడూ హెచ్చరించేవారు. కొన్నేళ్ల కిందట లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కోరమాండల్ తీరపు పాత అద్దకపు వస్త్రాలను చూసే అవకాశం వచ్చింది. కొండ నుంచి లేచి మెలికలు తిరిగిన చెట్లు, వాటి నిండా పూలు, వాటి ఆకులు మాత్రం నీలం. పక్కన నిలబడిన వాళ్లు ఆ నీలి ఆకులను కళాకారుడి ఊహగా మెచ్చుకుంటున్నారు. అవి పుట్టినప్పుడు ఆకుపచ్చవే. పైన పూసిన పసుపు రెండు మూడు వందల ఏళ్లలో వెలిసిపోయి, కింది నీలం మిగిలింది. ఆ గాజు పెట్టె ముందు నేను మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడ్డాను. ఎన్నడూ పేరు తెలియని ఒక పనివాడు ఆ ఆకులో ఏ రంగు తరువాత ఏ రంగు వేశాడో నాకు కనపడుతోంది.

ఈ పని మా ఊళ్లో బతికి ఉండటానికి పెదనాన్న తరం ఒక్కటే కారణం కాదు. 1950ల చివర్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టింది. అంతరించిపోతున్న దశలో కొద్దిమంది పెద్దల చేతుల్లో మిగిలిన విద్య అలా కొత్త కుర్రవాళ్ల చేతికి వచ్చింది. మా ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊరివాళ్లం ఎక్కడెక్కడ ఉన్నా ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. పెదనాన్న అప్పటికి లేరు.

నేను ఈ విద్యను వృత్తిగా పట్టుకోలేదు. బ్యాంకు ఉద్యోగంలో హైదరాబాదు చేరి, ఇక్కడే స్థిరపడ్డాను. అయినా చలికాలంలో మేడ మీద ఒక గుడ్డ పని నడుస్తూనే ఉంటుంది. మా అపార్టుమెంటు బోరునీటితో ఎరుపు రాదు, ఎంత మంచి మంజిష్ఠ వేసినా పాత ఇటుక రంగుకు దిగిపోతుంది, అందుకని ఎర్రపని కోసం పట్టిన వాననీటిని దాచుకుంటాను. పేడ విషయంలో అసోసియేషనువాళ్లతో రాజీ కుదరలేదు. ఆ ఒక్క పనికీ గుడ్డలు మూటగట్టుకుని సంక్రాంతికి ఊరికి వెళ్తాను. ఊళ్లోనూ ఏటి నీళ్లు అప్పటంత నమ్మకంగా లేవు. చాలామంది తొట్లలోనే, గొట్టపునీటితోనే ఉతుకుతున్నారు.

ఈ మధ్య సహజరంగుల మీద మోజు పెరిగింది. దుకాణాల్లో మిల్లుల్లో అచ్చువేసిన గుడ్డకు కూడా కలంకారీ అని చీటీ కట్టి అమ్ముతున్నారు. అది వ్యాపారం, దాన్ని పట్టించుకోను. నాకు ఇబ్బంది కలిగించేది ఇంకొకటి. చెట్టు నుంచి వచ్చింది కనుక ఏదైనా మంచిదే అన్న ధీమాతో మాట్లాడేవాళ్లను చూస్తున్నాను. పటిక లేకుండా ఎరుపు నిలవదు, దాన్ని కడగడానికి బోలెడు నీళ్లు కావాలి, కాచడానికి కట్టెలు కావాలి. చిరివేరు కావాలంటే మొక్కను వేళ్లతో పెకలించాలి, సురుడుచెక్క కావాలంటే కొమ్మకో వేరుకో గాయం చేయాలి. పెదనాన్న చెక్క తెచ్చేవాళ్లతో ప్రతిసారీ ఒక మాట అనేవారు, చుట్టూ ఒలవొద్దు, ఒక పక్క వదిలేయండి అని. చుట్టూ బెరడు ఒలిస్తే తీగ చచ్చిపోతుంది, ఒక పక్క వదిలితే మళ్లీ కప్పుకుంటుంది. ఆయన దాన్ని ధర్మపన్నంగా కాక వచ్చే ఏడాది సరుకు లెక్కగానే చెప్పేవారు. కళాశాలల పిల్లలు కార్యశాలలకు పిలిచినప్పుడు నేను రంగుల కన్నా ముందు ఈ సంగతే చెబుతాను. వాళ్లకు మాత్రం కుండలోని నలుపే నచ్చుతుంది, వాళ్ల తప్పేం లేదు.

నా పెళ్లికి పెదనాన్న ఇచ్చిన గుడ్డ మా హాలులో గోడ మీద ఉంది. మధ్యలో పెద్ద చెట్టు, దాని మీద చిలుకలు, కింద జింకలు, చుట్టూ గళ్లలో ఊరివాళ్ల పనులు. ఆకుల పచ్చదనం ఒకవైపు కిటికీ వెలుతురు తగిలే మేరకు అప్పుడే నీలానికి తిరుగుతోంది, కనుక ఆ కిటికీకి మందపాటి తెర వేశాను. దాన్ని ఎలా ఉతకాలని చూసినవాళ్లంతా అడుగుతారు. పెద్దమ్మ చెప్పిన పద్ధతే చెబుతాను: కుంకుడురసంలో కాసేపు ముంచి, రుద్దకుండా జాడించి, పిండకుండా నీడన ఆరవేయాలి, సబ్బుపొడి దరిచేరనివ్వకూడదు. ఇంకొకటి కూడా ఆమె పెళ్లి మూటతోపాటే చెప్పి పంపింది. “నిమ్మకాయ, చింతపులుసు దాని కాడికి తేవద్దు మ్మా. పులుపు తగిలితే నలుపు లేచిపోతాది.” నేను నవ్వి ఊరుకున్నాను గానీ, ఒకసారి మా ఇంటికి వచ్చిన మరిది స్నేహితుడి చేతిలోని నిమ్మకాయ పులిహోర ప్లేటు జారి ఆ గుడ్డ అంచున పడింది. వెంటనే కడిగినా ఒక జింక ముందుకాలు గీత మాసిన గోధుమరంగుకు తిరిగింది. ఆ గీతను తిరిగి నల్లగా దిద్దాలంటే మళ్లీ ఇనుపనీళ్ల కుండ పెట్టాలి, ఆ చోటికి మళ్లీ కరక్కాయ పట్టించాలి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పాత మేకులు తెచ్చుకుని ఆ పని పెట్టుకుందామని చూస్తున్నాను. కింది అంతస్తువాళ్లకు వాసన సంగతి ముందే చెప్పి ఉంచాను.